రక్తఫలకికల ఆయువు: చక్కెర కొనల చరిత్ర

గోదావరి, మంజీర, హరిద్ర నదులు కలియు కందకుర్తి మొదలుకొని బోధను వఱకు గల రైతులకు చెరకును గూర్చి క్రొత్తగా చెప్పవలసినది లేదు. 1937లో బోధనున నెలకొల్పబడిన నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడినను, చెరకుగడ కణుపు వెంట కణుపుగా పెరుగుట పెద్దలందఱు ఎఱిగినదే. మన రక్తకణములమీదను అట్లే కణుపులుగా కూర్చబడిన చక్కెర గొలుసులు కలవు. ఆ గొలుసు కొన రాలినచో ఏమగునో శాస్త్రజ్ఞులు కనుగొనిన చరిత్రయే నేటి ప్రసంగ విషయము.

డెంగ్యూ జ్వరము వచ్చిన ఇంట "ప్లేట్‌లెట్లు ఎన్ని?" అని అడుగనివారు ఉండరు. వీనినే రక్తఫలకికలందురు. గాయమైనచోట గుమిగూడి నెత్తురు కారకుండ ఆపుట వీని పని. 1882లో ఇటలీ దేశీయుడు జూలియో బిజ్జొజెరో ఈ పనిని వివరించెను. ఇవి ఎముకల మూలుగలోని పెద్ద కణములనుండి పుట్టునని 1906లో అమెరికా వైద్యుడు జేమ్సు హోమర్ రైటు చూపెను. ఇవి ఎనిమిది మొదలు పది దినములే బ్రదుకును. మఱి ముసలివైన వానిని శరీరమెట్లు గుర్తించును?

సమాధానము ఎదురుచూడని చోట దొరకినది. 1936లో స్వీడను దేశమున గున్నార్ బ్లిక్సు పశువుల లాలాజల గ్రంథులనుండి ఒక చక్కెరజాతి ఆమ్లమును వేఱుచేసెను. అదియే సియాలిక్ ఆమ్లము. మన గొలుసులకు కొనకణుపు తఱచుగా ఇదియే. దాని క్రిందిది గాలక్టోసు. పాలచక్కెరలో ఉండునదియు ఇదియే. గిల్బర్టు ఆష్వెల్, అనతోల్ మోరెల్ అను అమెరికా శాస్త్రజ్ఞులు రక్తములో రాగిని మోయు ఒక మాంసకృత్తును పరిశీలించుచు, దాని కొనకణుపును తొలగించి కుందేళ్లకు ఎక్కించిరి. కొన్ని నిమిషములలోనే అది రక్తమునుండి మాయమై కాలేయమున చేరినది. ఈ సంగతిని 1968లో ప్రకటించిరి. కొన రాలగానే బయటపడిన గాలక్టోసును కాలేయము పట్టుకొనుచున్నదన్నమాట.

ఫలకికలకును ఇదే న్యాయమని తరువాత తేలినది. ముసలి ఫలకికలు కొన కోల్పోయి కాలేయమున చిక్కుననియు, అప్పుడు కాలేయము క్రొత్త ఫలకికలను పుట్టించు రసమును అధికముగా చేయుననియు 2015లో ఎలుకలయందు చూపబడినది. అనగా వీనిని తొలగించుట వృథా వ్యయము కాదు. క్రొత్తవానికై మూలుగకు అందు కబురు. అయితే కొన్ని రోగములలో కొనలు అకాలమున రాలును. ఇండోనేషియాలో డెంగ్యూ రోగులను పరీక్షించినవారు అట్టి మార్పునే 2019లో ప్రకటించిరి. డెంగ్యూలో ఫలకికలు తగ్గుటకు ఇది ఒక కారణము మాత్రమే.

ఈ చరిత్రలో మన ఊళ్లకు పనికివచ్చు సంగతి ఒకటి కలదు. చల్లని పెట్టెలో ఉంచిన ఫలకికలు రోగికి ఎక్కించగానే త్వరగా మాయమగుననియు, 22 డిగ్రీల వేడిమిలో ఉంచినవి ఎక్కువకాలము నిలుచుననియు 1969లో తెలిసినది. చలివలన పైచక్కెరల అమరిక మారి, కాలేయములోని భక్షకకణములు వానిని మ్రింగునని 2003లో వివరింపబడినది. అందుచేతనే రక్తనిధులు వానిని చల్లబఱచక, సాధారణముగా ఐదు దినములే నిలువ చేయును. గాదెలో ధాన్యమువలె ఏడాదికి సరిపడ దాచుట సాధ్యము కాదు. దాతలు ఎప్పటికప్పుడు కావలెను.

ఈ గొలుసుల చక్కెర మనము తినునది కాదు. శరీరము తానే కూర్చుకొనునది. కావున తీపి తినిపించుటచేత రాలిన కొన మరల మొలవదు. జ్వరపీడితునికి కడుపునొప్పి, విడువని వాంతులు, నెత్తురు కారుట కనబడినచో ఆలసింపక ఆసుపత్రికి చేర్పుడు. ఊరి యువకులలో రక్తమీయగలవారెవరో వానకాలమునకు ముందే తెలిసికొని ఉంచుడు.