పేరు తెలియని భిక్షువు, ఊదా మట్టి కూజా

చైనాలోని జియాంగ్సు రాష్ట్రంలో, తాయ్ సరస్సుకు పడమటగా ఉన్న యీషింగ్ ప్రాంతం గాజుపూత లేని చిన్న తేనీటి కూజాలకు ప్రసిద్ధి. అక్కడి మట్టిని 'జిషా' అంటారు. ఊదా ఇసుక అని దాని అర్థం. ఈ కళకు ఆద్యుడు ఒక బౌద్ధ భిక్షువని సంప్రదాయం చెబుతుంది. ఆ మాటను ఎంతవరకు చరిత్రగా స్వీకరించవచ్చునన్నది ఇక్కడ పరిశీలించవలసిన అంశం.

తేనీటికీ విహారాలకూ గల సంబంధం ప్రాచీనమైనది. 8వ శతాబ్దిలో తేయాకుపై తొలి సమగ్ర గ్రంథం రచించిన లూ యూ విహారంలో పెరిగిన అనాథ. 874లో మూసివేసిన ఫామెన్ ఆలయ భూగృహం 1987లో బయల్పడినప్పుడు, బుద్ధధాతువుతో పాటు రాజకుటుంబం సమర్పించిన వెండి తేనీటి సామగ్రి కూడా లభించింది. అయితే ఆ కాలంలో అచ్చులుగా బిగించిన తేయాకును పొడిచేసి వాడేవారు. 1391లో మింగ్ చక్రవర్తి హోంగ్‌వూ అచ్చు తేయాకు కప్పాన్ని రద్దుచేసి విడి ఆకునే పంపవలసిందిగా ఆజ్ఞాపించాడు. విడి ఆకును వేడినీటిలో నానబెట్టే పద్ధతి వ్యాపించిన కొద్దీ అందుకు తగిన కూజా అవసరమైంది.

యీషింగ్ కూజాలపై జౌ గావ్‌చీ సుమారు 1640లో ఒక చిన్న గ్రంథం రచించాడు. దాని ప్రకారం, జిన్‌షా విహారంలోని ఒక భిక్షువు కాగులు, బానలు చేసే కుమ్మరులతో మెలగుతూ, మెత్తని మట్టిని ఏరి శుద్ధిచేసి, కూజాలు మలచి, వారి ఆవంలోనే కాల్పించేవాడు. ఆ విహారంలో చదువుకుంటున్న ఒక పండితుని సేవకుడు గోంగ్‌చున్ ఆ పనిని చాటుగా చూసి నేర్చుకున్నాడు. సేవకుని పేరు నిలిచింది. భిక్షువు పేరు గ్రంథకర్త నాటికే మరుగున పడింది.

ఈ కథనాన్ని 16వ శతాబ్ది తొలి దశాబ్దాలకు చెందినదిగా భావిస్తారు. అంటే కథకూ రచనకూ మధ్య శతాబ్దికి పైగా వ్యవధి ఉంది. ఇక్కడ పురావస్తు సాక్ష్యం తోడ్పడుతుంది. 1960ల దశకంలో నాన్‌జింగ్ వద్ద, 1533 నాటి వూ జింగ్ అనే రాజోద్యోగి సమాధిలో పైపిడి గల యీషింగ్ కూజా ఒకటి దొరికింది. దానిపై పక్క పాత్రల నుండి పడిన గాజుపూత మరకలు ఉన్నాయి. తొలినాటి కూజాలను పూత పూసిన బానలతో కలిపి కాల్చడంవల్ల ఇటువంటి మరకలు తప్పేవి కావనీ, తరువాతనే వాటిని విడిగా మట్టి గూళ్లలో ఉంచి కాల్చసాగారనీ జౌ గావ్‌చీ స్వయంగా వ్రాశాడు. ఆవం పనిని గూర్చి అతని మాట నమ్మదగినదని ఆ సమాధి కూజా రుజువు చేస్తున్నది. బానల కుమ్మరుల నుండే ఈ కళ పుట్టిందన్న అంశానికీ బలం చేకూరుస్తున్నది. భిక్షువు ఉనికిని మాత్రం అది రుజువు చేయదు. ఒక అంశం నిజమైనంత మాత్రాన కథ అంతా నిజం కాదు. ఒక అంశానికి రుజువు లేనంత మాత్రాన కథ అంతా కల్పనా కాదు.

ఎంపిక విషయంలోనూ ఆ గ్రంథం నేటికీ ఉపయుక్తమే. కూజా పెద్దదిగా కాక చిన్నదిగా, లోతుగా కాక నిస్సారంగా ఉండాలనీ, మూత చదునుగా కాక ఉబ్బెత్తుగా ఉండాలనీ అతని అభిప్రాయం; అప్పుడే పరిమళం నిలుస్తుంది. పూత లేని మట్టి వాసనను పట్టి ఉంచుతుంది కనుక ఒక కూజాను ఒకే రకం తేయాకుకు కేటాయించడం, సబ్బు తగలనీయక వేడినీటితోనే కడగడం నేటి వాడుక. నిత్యం కడిగి తుడిచిన కూజాకు కాలక్రమంలో తనంతట తానే నిండైన కాంతి వస్తుందని జౌ గావ్‌చీ అంటాడు. జిడ్డు పేరుకొని మెరిసే కూజాను అతడు అధమమన్నాడు; ఆ మెరుపుకు వాడుకలో ఉన్న పేరు 'భిక్షువు మెరుపు'! భిక్షువుతో ఆరంభమైందని చెప్పే కళలో నిందావాచకంగా మిగిలినదీ భిక్షువు పేరే.

గోంగ్‌చున్ పేరు చెక్కిన నకలు కూజాలు ఎన్నో వచ్చాయి. పేరు చెక్కడం సులభం. మట్టి గుణాన్నీ, మూత అమరికనూ, ఆవం గుర్తులనూ అనుకరించడం కష్టం. పరిశోధకుడైనా, కొనుగోలుదారుడైనా ముందు చూడవలసింది వాటినే. పేరు తెలియని ఆ భిక్షువుకు మనం న్యాయం చేయగల మార్గం కూడా బహుశా అదే.