మూడు గీతల పటం: కంట్రోల్ చార్ట్ పుట్టుక

షికాగోను ఆనుకొని ఉన్న సిసెరో పట్టణంలోని హాథార్న్ కర్మాగారం, బెల్ టెలిఫోన్ వ్యవస్థకు అవసరమైన పరికరాలను భారీ ఎత్తున తయారుచేసేది. వాటిలో కొన్ని భూమిలో పాతిపెట్టవలసినవి కావడంతో, అవి చెడిపోతే తవ్వి తీసి బాగుచేయడానికి చాలా ఖర్చయ్యేది. అయినా 1920ల ఆరంభంలో అక్కడ నాణ్యతను కాపాడడమంటే ప్రధానంగా తయారైన సరుకును తనిఖీ చేసి, పనికిరానిదాన్ని ఏరివేయడమే. ఆ ఏరివేత లోపాన్ని పట్టుకునేదే గాని, అది ఎక్కడ పుట్టిందో చెప్పేది కాదు.

ఈ కర్మాగారాన్ని నడిపిన వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థలో 1918లో చేరిన భౌతిక శాస్త్రవేత్త వాల్టర్ షూహార్ట్, 1924 మే 16న తన పై అధికారి జార్జ్ ఎడ్వర్డ్స్‌కు పంపిన చిన్న లేఖలో తొలి కంట్రోల్ చార్ట్‌ను గీసి చూపాడు. తయారీ సాగుతుండగానే కొంత వ్యవధికొకసారి నాలుగైదు వస్తువులను తీసి కొలిచి, వాటి సగటును కాలక్రమంలో చుక్కగా గుర్తించడం ఇలాంటి పటాల సాధారణ పద్ధతి. మధ్య గీత మొత్తం సగటును తెలుపుతుంది. చుక్కలు సహజంగా ఎంత చెదురుతాయో తెలిపే కొలతను ప్రామాణిక విచలనం అంటారు, దానికి మూడు రెట్ల దూరంలో పైన ఒకటి, కింద ఒకటి హద్దు గీతలు ఉంటాయి.

షూహార్ట్ ఆలోచనలోని అసలు లోతు ఈ హద్దుల వెనుక ఉంది. ఒకే యంత్రం మీద తయారైన రెండు వస్తువులైనా అచ్చంగా ఒకేలా ఉండవు. ఆ తేడాల్లో అధిక భాగం అనేక చిన్న కారణాలు కలిసి కలిగించే యాదృచ్ఛికమైనవి కాగా, కొన్ని మాత్రం అరిగిన పనిముట్టు, మారిన ముడిసరుకు వంటి వెతికి పట్టుకోదగిన కారణాల వల్ల వస్తాయి. చుక్క హద్దు దాటితే కారణం వెతకాలి. దాటనప్పుడు, చుక్కల వరుసలో అసహజమైన పోకడ ఏదీ లేకపోతే, యంత్రాన్ని ముట్టుకోకూడదు, ఎందుకంటే ప్రతి చిన్న తేడాకూ యంత్రాన్ని సరిదిద్దబోతే తేడాలు తగ్గకపోగా పెరుగుతాయి. చేయి ఎప్పుడు ఆపుకోవాలో చెప్పడమే ఈ పటం చేసిన గొప్ప మేలు. మూడు రెట్ల దూరాన్ని కూడా షూహార్ట్ గణిత సూత్రం నుంచి మాత్రమే రాబట్టలేదు. లేని కారణం కోసం వెతకడం వల్ల, ఉన్న కారణాన్ని వదిలేయడం వల్ల కలిగే నష్టాలు రెండింటినీ తూచి, అనుభవంలో నిలిచిన హద్దుగా దాన్ని 1931 నాటి తన గ్రంథంలో సమర్థించాడు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ఈ పద్ధతిని ప్రమాణాలుగా ప్రకటించి ఆయుధ కర్మాగారాలకు విస్తరింపజేసింది. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపకుడు మహలనోబిస్ ఆహ్వానంపై 1947-48లో షూహార్ట్ స్వయంగా భారతదేశానికి వచ్చాడు. తర్వాతి కాలంలో ఆ ఇన్‌స్టిట్యూట్ పరిశ్రమలకు తోడ్పడే నాణ్యతా నియంత్రణ విభాగాలను నెలకొల్పింది, వాటిలో హైదరాబాద్ విభాగం ఒకటి.

షూహార్ట్ ఆలోచనలను అనుసరించిన అమెరికా గణాంక శాస్త్రవేత్త ఎడ్వర్డ్స్ డెమింగ్ 1950లో జపాన్‌లో ఇంజినీర్లకు పాఠాలు చెప్పడంతో ఆగక, కంపెనీల అధిపతులతోనూ సమావేశమయ్యాడు. ఎందుకంటే హద్దుల లోపలి యాదృచ్ఛిక తేడాలను తగ్గించాలంటే యంత్రాలనో, ముడిసరుకునో, పని పద్ధతినో మార్చాలి. ఆ నిర్ణయం కార్మికుడి చేతిలో ఉండదు.