తూర్పు దిక్కు

నెల్లూరు తీరమునందలి కోటలో నిలిచి తూర్పు ఎటని అడిగినచో చిన్నపిల్లవాడైనను చేయి చాపి సముద్రమువైపు చూపును. ప్రొద్దు పొడుచునది అటనే గదా, ఇందు తెలిసికొనవలసినదేమున్నదని శ్రోతలకు తోచవచ్చును. కాని సూర్యుడు సరిగా తూర్పున ఉదయించునది ఏడాదికి రెండే పర్యాయములు, మార్చిలో నొకమారు, సెప్టెంబరులో నొకమారు. కోట యున్న 14 డిగ్రీల అక్షాంశమున, జూన్ మాసాంతమునకు ఆయన ఉత్తరముగా సుమారు 24 డిగ్రీలు జరిగియుండును. డిసెంబరులో దక్షిణముగా అంతే.

యజ్ఞవేదికను సరిగా తూర్పునకు నిలుపవలసిన మన పూర్వులు ఈ చిక్కు నెరుగుదురు. కాత్యాయన శుల్బసూత్రమున దీనికి ఉపాయము కలదు. చదునైన నేలపై శంకువును నాటి, దానిచుట్టు త్రాటితో వలయము గీయవలెను. ప్రొద్దున పొడుగుగా నున్న నీడ క్రమముగా కురుచయగుచు, దాని కొన వలయమును తాకినచోట ఒక గుర్తు. మధ్యాహ్నము తిరిగిన పిదప నీడ పెరుగుచు మరల తాకినచోట వేరొకటి. ఆ రెండు గుర్తులను కలిపిన గీతయే తూర్పు పడమరల గీత. పెరటిలో ఒక కర్రయు, ఒక త్రాడును, మబ్బులేని ఒక దినమును ఉన్నచో మనమును దీనిని చేసి చూడవచ్చును.

తక్కిన దిక్కుల పేళ్ళు కొన్ని తూర్పునకు మొగమై నిలిచినవాడు పెట్టినవే. సంస్కృతమున ప్రాచి యనగా ముందున్నది, దక్షిణమనగా కుడి. దేవాలయమును కుడివైపున నుంచుకొని తిరుగుట ప్రదక్షిణమైనది. అరబ్బులును ఇట్లే తలచిరి కాబోలు, తమ దక్షిణ భాగమునకు కుడి యను అర్థము వచ్చునట్లు యెమెన్ అని పేరిడిరి. కోటకు పొరుగుననే యున్న తమిళుల తీరు వేరు. వారి మాటలలో తూర్పు పల్లము, పడమర మెరక. కొండలు పడమట, కడలి తూర్పున గల నేలకు ఆ పేళ్ళే తగును. స్వర్ణముఖి పారునదియు ఆ వాలుననే.

తెలుగున దిక్కనగా ఆశ్రయము కూడను. దిక్కులేనివాడనియు, దేవుడే దిక్కనియు అందుము. ఈ మాట బరువు తీరమునందలి జాలరి యెరిగినట్లు మన మెరుగము. అతని జీవనము తూర్పున నున్నది. అతని ఇల్లు పడమట. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు పైరులకు వాన తెచ్చునది ఈశాన్యపు గాలి. తుపానులు వచ్చునదియు అటనుండియే. 2004 డిసెంబరు 26న సునామీ అలలు ఈ తీరమును తాకినదియు ఆ తూర్పుననే.

ఒక వింత చెప్పవలెను. పడమటి దేశములవారు మన ఇంటికి తూర్పు వాకిటనే వచ్చిరి. 17వ శతాబ్దమున ఆంగ్ల వర్తకులు కోటకు చేరువనున్న దుగరాజపట్నమున గిడ్డంగి నెలకొల్పి, ఆ చోటును ఆర్మగాన్ అనిరి. అచ్చటి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో మరింత అనువగు తావు వెదకి దక్షిణమునకు పోయి చెన్నపట్టణమునకు పునాది వేసెను. లేనిచో ఆ మహానగరము ఇచ్చటనే వెలసియుండెడిదేమో!

నేడు శ్రీహరికోటకు కావలసినదియు ఈ తూర్పే. భూమి పడమటినుండి తూర్పునకు తిరుగుచున్నది. ఈ అక్షాంశమున ఆ వేగము సెకనుకు సుమారు 450 మీటర్లు. తూర్పునకు ఎగసిన రాకెట్టునకు అది ఊరక దొరకిన సాయము. పైగా క్రింద పడు భాగములకు జనావాసములు లేని కడలి యున్నది. 1979 ఆగస్టు 10న పంపిన మొదటి ఉపగ్రహ వాహకము బంగాళాఖాతముననే పడినది. 1980 జూలై 18న పంపిన రెండవది రోహిణిని కక్ష్యలో నిలిపినది. కోట వారికి శ్రీహరికోట దక్షిణమున నున్నది. రాత్రివేళ అటనుండి లేచిన మంట కొంత నిట్టనిలువుగా పోయి, పిదప మెల్లగా సముద్రమువైపు ఒరగును.