తెలియని చోటును ఖాళీగా విడిచిన పటం

దూరతీరాలను చిత్రించిన పటాల చరిత్రలో 17వ శతాబ్దపు డచ్చివారికి విశిష్టస్థానమున్నది. 1602లో ఏర్పడిన డచ్చి ఈస్టిండియా కంపెనీ కొద్ది సంవత్సరాలలోనే మన తూర్పుతీరాన మచిలీపట్నంలోను, పులికాటులోను వర్తకస్థావరాలు నెలకొల్పింది. ఇక్కడి అద్దకపు వస్త్రాలను కొని, తూర్పు దీవులలో సుగంధద్రవ్యాలకు మారకంగా ఇచ్చేది. ఇంతటి సముద్రవ్యాపారానికి నమ్మదగిన పటాలే ఆధారం.

ఆమ్‌స్టర్‌డామ్ శిల్పులు పటాన్ని రాగిరేకుపై చెక్కేవారు. అచ్చు సరిగా పడడానికి తీరరేఖలను, అక్షరాలను అద్దంలోని ప్రతిబింబంవలె తిరగవేసి చెక్కాలి. ఆ గీతలలో సిరా నింపి, పైభాగాన్ని తుడిచి, తడికాగితం పరచి రోలర్ల మధ్య నొక్కేవారు. కొత్త సమాచారం అందినపుడు, రేకును వెనుకనుండి సుత్తితో కొట్టి చదునుచేసి, ఆ చోట మరల చెక్కేవారు.

1617లో కంపెనీ పటరచయితగా నియమితుడైన హెస్సెల్ గెరిట్స్ ఈ విద్యలో నిపుణుడు. ఆనాటి నౌకలు ఆఫ్రికా దక్షిణాగ్రం దాటి, పడమటిగాలుల బలంతో తూర్పుకు సాగి, తరువాత జావా వైపు ఉత్తరానికి మళ్ళేవి. సముద్రంపై రేఖాంశాన్ని కచ్చితంగా కనుగొనే సాధనం అప్పటికి లేదు. అందువల్ల కొన్ని నౌకలు మళ్ళవలసిన చోటు దాటి, ఆస్ట్రేలియా పడమటి తీరాన్ని చేరాయి. 1616లో డిర్క్ హార్టాగ్ నౌక, 1622లో 'లీవిన్' అనే నౌక అటువంటివే.

1627 సంవత్సరం వేసిన గెరిట్స్ పటంలో ఈ తీరఖండాలు నౌకల, నావికుల పేర్లతో, వారు చూసిన సంవత్సరాలతో కనబడతాయి. దక్షిణాన ఒక మహాఖండం ఉండితీరాలని నమ్మిన పూర్వపు పటకారులు దానికి లేని తీరరేఖలను సైతం కల్పించారు. గెరిట్స్ ఆ మార్గం తొక్కలేదు. నావికులు చూసినంతమేరకే గీసి, తక్కిన భాగాన్ని ఖాళీగా విడిచాడు. అది ఆయన పాండిత్యానికి భూషణమే.

అయితే ఆ ఖాళీప్రదేశం నిర్జనం కాదు. పదుల వేల సంవత్సరాలుగా ఆదివాసులు అక్కడ నివసిస్తున్నారు. 1788లో వలస స్థాపించిన బ్రిటిష్‌వారు ఆ నేలను ఎవరికీ చెందనిదిగా పరిగణించి ఆక్రమించుకున్నారు. ఆస్ట్రేలియా అత్యున్నత న్యాయస్థానం ఆ భావనను 1992లో గాని తిరస్కరించలేదు.

తెలియదనడం వేరు, లేదనడం వేరు. మొదటిది విద్యకు ఆరంభం. రెండవది అన్యాయానికి దారితీసింది. గోడపై పటాన్ని విప్పి పాఠం చెప్పేటపుడు ఈ భేదాన్ని కూడా పిల్లలకు బోధించడం మన విధి.