చిన్న పరిశ్రమకు అప్పు ఎలా పుట్టింది: హుండీ నుంచి ఇన్‌వాయిస్ దాకా

"అప్పు పుట్టింది", "ఎక్కడా అప్పు పుట్టడం లేదు" అని మనం తరచు అంటూ ఉంటాం. డబ్బు ఎవరి దగ్గరో ఉంటుంది. అది అవసరమున్నవాడి చేతికి రావాలంటే ఇచ్చేవాడికి ఏదో ఒక నమ్మకం కుదరాలి. ఆ నమ్మకానికి ఆధారం తెలిసిన ముఖమా, ఇంటి దస్తావేజా, కొన్న యంత్రమా, ప్రభుత్వ హామీయా, అమ్మిన సరుకు తాలూకు బిల్లా? భారతదేశంలో చిన్న, మధ్యతరహా పరిశ్రమలకు రుణ సదుపాయం ఏర్పడిన చరిత్రను ఈ ప్రశ్న వెంట పరిశీలించడం ఈ పాఠం ఉద్దేశం.

ఈ చరిత్రను చాలా పుస్తకాలు సంస్థల జాబితాగా చెబుతాయి. ఫలానా సంవత్సరంలో ఒక కార్పొరేషన్, మరొక సంవత్సరంలో ఒక బ్యాంకు, ఆపైన ఒక పథకం. అలా చదివితే పరీక్షకు సరిపోతుంది గాని, ఇన్ని సంస్థలు వచ్చాక కూడా చిన్న పరిశ్రమ యజమాని జీతాల రోజున చేబదులు కోసం ఎందుకు తిరుగుతున్నాడో బోధపడదు. అది బోధపడాలంటే రెండు అవసరాలను విడిగా చూడాలి. షెడ్డు కట్టడానికి, యంత్రం కొనడానికి కావలసింది స్థిర మూలధనం. ముడిసరుకు కొని, కూలి ఇచ్చి, సరుకు పంపి, దాని డబ్బు వచ్చేదాకా నిలదొక్కుకోవడానికి కావలసింది నిర్వహణ మూలధనం. మన దేశంలో ప్రభుత్వ విధానం మొదటిదాన్ని ముందుగా పట్టించుకుంది. రెండోదాన్ని చాలాకాలం బజారుకే వదిలేసింది.

షరాబు సంతకం

బ్రిటిష్ పాలనలో మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాల్లో ప్రెసిడెన్సీ బ్యాంకులు ఉండేవి. మద్రాసు బ్యాంకు 1843లో ఏర్పడింది. 1876 నాటి ప్రెసిడెన్సీ బ్యాంకుల చట్టం వీటి చేతులను గట్టిగా కట్టేసింది. స్థిరాస్తి తనఖా మీద అప్పు ఇవ్వకూడదు. దీర్ఘకాలపు అప్పు ఇవ్వకూడదు. ప్రామిసరీ నోటు తీసుకోవాలంటే దాని మీద ఒకరికొకరు సంబంధం లేని ఇద్దరి సంతకాలు ఉండాలి. ఒక చిన్న వ్యాపారికి తన సంతకం తనకు ఉంటుంది. రెండో సంతకం ఎవరు పెడతారు?

షరాబు పెట్టేవాడు. ఆ వ్యాపారి ఎవరి కొడుకు, నిరుడు సరుకులో ఎంత పోగొట్టుకున్నాడు, మాట మీద నిలుస్తాడా లేదా అన్నది షరాబుకు తెలుసు, బ్యాంకు ఏజెంటుకు తెలియదు. చూపగానే చెల్లించవలసిన దర్శనీ హుండీ, గడువు తీరాక చెల్లించవలసిన ముద్దతు హుండీ అనే పత్రాలు ఈ పరిచయం మీదే నడిచాయి. వ్యాపారి రాసిన హుండీ మీద షరాబు సంతకం చేస్తే అది బ్యాంకులో డిస్కౌంటు అయ్యేది. అంటే గడువుకు ముందే కొంత తగ్గించుకుని డబ్బు ఇచ్చేవారు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం కూడా దేశభాషల్లో రాసే ఇలాంటి పత్రాల విషయంలో స్థానిక ఆచారాన్ని తోసిపుచ్చలేదు.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోండి, ఇది చివర మళ్లీ అవసరమవుతుంది. హుండీకి ఆధారం భూమి కాదు, ఇల్లు కాదు. చాలా సందర్భాల్లో దాని వెనుక ఉన్నది అమ్ముడుపోయిన సరుకు, రావలసిన డబ్బు. దీన్ని మరీ గొప్ప చేయనవసరం లేదు. షరాబుకు కొన్ని కులాల, కొన్ని కుటుంబాల ముఖాలే తెలుసు. తెలియని ముఖానికి వడ్డీ ఎక్కువ, లేదా అప్పే లేదు.

నేతవాడి పరిస్థితి మరీ తేలికగా ఉండేది కాదు. అతనికి నూలు ఇచ్చేదీ, బట్ట తీసుకునేదీ ఒకే షావుకారు. అప్పు ఇచ్చేవాడే కొనేవాడు కూడా అయితే ధర ఎవరు చెబుతారో మీరు ఊహించగలరు.

డెల్టా డబ్బు, చీటీ పాట

కృష్ణా, గోదావరి నదులపై 1850లలో ఆనకట్టలు పూర్తయ్యాక డెల్టా జిల్లాల్లో వరి మిగులు పెరిగింది. మిగిలిన డబ్బు కొంత భూమిలోకి, కొంత వడ్డీ వ్యాపారంలోకి, కొంత రైసు మిల్లుల్లోకి వెళ్లింది. మద్రాసులో ఆర్బత్‌నాట్ కంపెనీ 1906లో దివాలా తీయడంతో ఎందరో దాచుకున్న సొమ్ము పోగొట్టుకున్నారు. మన డబ్బు మన బ్యాంకుల్లోనే ఉండాలన్న ఆలోచనకు అది బలమిచ్చింది. 1907లో ఇండియన్ బ్యాంకు పుట్టింది. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. 1922లో మద్రాసు ప్రభుత్వం పరిశ్రమలకు సహాయ చట్టం చేసింది. నిజాం రాజ్యంలో 1929లో ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ ఏర్పాటయింది గాని, దాని సొమ్ము ఎక్కువగా పెద్ద మిల్లుల వాటాల్లోకే వెళ్లింది.

బ్యాంకు గడప ఎక్కలేనివారికి చీటీ ఉండేది. ఇప్పటికీ ఉంది. ఇరవై మంది నెలకు ఐదు వేల చొప్పున వేస్తే లక్ష పోగవుతుంది. డబ్బు అత్యవసరమైనవాడు ఎక్కువ తగ్గించి పాడుకుంటాడు. పదిహేను వేలు తగ్గించి పాడితే, నిర్వాహకుడి కమిషను పోగా మిగిలిన తగ్గింపు సభ్యులందరూ పంచుకుంటారు. ఆ పదిహేను వేలే అతడు కట్టిన వడ్డీ, పేరు మాత్రమే వేరు. చీటీకి ఆస్తి తనఖా అక్కరలేకపోవచ్చు గాని జామీను సంతకాలు కావాలి. షరాబు సంతకం ఇక్కడ మరో రూపంలో కనిపిస్తుంది. దీన్ని చట్టం కిందకు తేవడానికి ఆంధ్రప్రదేశ్ 1971లోనూ, కేంద్రం 1982లోనూ చిట్‌ఫండ్ చట్టాలు చేశాయి.

ఇంకొక సంగతి. బజారులో వడ్డీని నెలకు చెబుతారు, బ్యాంకులో సంవత్సరానికి చెబుతారు. "నూటికి మూడు రూపాయలు" అంటే చెవికి చిన్నగా వినిపిస్తుంది. అది సంవత్సరానికి 36 శాతం.

యంత్రానికి అప్పు

స్వాతంత్ర్యం వచ్చాక దీర్ఘకాల రుణాల కోసం 1948లో ఇండస్ట్రియల్ ఫైనాన్స్ కార్పొరేషన్ ఏర్పడింది. అది పెద్ద కంపెనీల కోసం. రాష్ట్రాల్లో చిన్న, మధ్యతరహా పరిశ్రమల కోసం 1951లో స్టేట్ ఫైనాన్షియల్ కార్పొరేషన్ల చట్టం వచ్చింది. 1956లో ఆంధ్ర, హైదరాబాద్ కార్పొరేషన్లు కలిసి ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైనాన్షియల్ కార్పొరేషన్ అయింది. రైసు మిల్లు, నూనె మిల్లు, ఇంజనీరింగ్ వర్క్‌షాపు పెట్టుకోవాలనుకున్న ఒక తరం వారికి "ఎస్‌ఎఫ్‌సీ లోను" అన్న మాట బాగా తెలుసు.

ఆ రుణానికి ఆధారం స్థలం, షెడ్డు, యంత్రం. బాకీ చెల్లించకపోతే చట్టంలోని 29వ సెక్షన్ కింద కోర్టుకు వెళ్లకుండానే యూనిట్‌ను స్వాధీనం చేసుకునే అధికారం కార్పొరేషన్‌కు ఉండేది. చిక్కు వేరేచోట వచ్చింది. యంత్రానికి అప్పు కార్పొరేషన్ ఇచ్చేది, ముడిసరుకుకు అప్పు బ్యాంకు ఇవ్వాలి. అప్పటికే ఆస్తి మొత్తం కార్పొరేషన్ తనఖాలో ఉంది, బ్యాంకుకు చూపడానికి ఇంకేమీ లేదు. యంత్రం బిగించి, కరెంటు వచ్చి, సరుకు కొనే డబ్బు లేక షెడ్డు మూసి ఉంచిన యూనిట్లను ఈ దృష్టితో చూడండి. వాటిని "యాజమాన్య వైఫల్యం" అని రాసిన నివేదికల్లో సగం నిజమే ఉంటుందని నా అభిప్రాయం.

బ్యాంకులను ఈ వైపు తిప్పే ప్రయత్నాలు జరగకపోలేదు. 1955లో ఏర్పడిన స్టేట్ బ్యాంకు మరుసటి సంవత్సరమే చిన్న పరిశ్రమల కోసం ఒక ప్రయోగ పథకం మొదలుపెట్టింది. 1960 జూలై 1 నుంచి చిన్న పరిశ్రమలకు ఇచ్చిన రుణాల నష్టంలో కొంత భరిస్తామని ప్రభుత్వం తరఫున రిజర్వు బ్యాంకు హామీ ఇచ్చింది. మొదట 22 జిల్లాల్లో, తరువాత దేశమంతటా. రెండో సంతకం పెట్టేవాడి స్థానంలోకి ఈసారి ప్రభుత్వం వచ్చిందన్నమాట.

1969 తరువాత

1969 జూలై 19న 14 పెద్ద బ్యాంకులు జాతీయమయ్యాయి. అదే సంవత్సరం డిసెంబరులో లీడ్ బ్యాంకు పథకం వచ్చి ప్రతి జిల్లా బాధ్యత ఒక బ్యాంకుకు అప్పగించింది. వ్యవసాయం, చిన్న పరిశ్రమ వంటివి ప్రాధాన్య రంగాలయ్యాయి. మొత్తం రుణాల్లో మూడో వంతు వీటికి ఇవ్వాలని మొదట, 40 శాతం ఇవ్వాలని ఆ తరువాత లక్ష్యాలు పెట్టారు. ఆంధ్రా బ్యాంకు 1980లో రెండో విడతలో జాతీయమైంది. 1990లో చిన్న పరిశ్రమల కోసమే సిడ్బీ ఏర్పడింది.

ఈ కాలంలో హైదరాబాద్‌లో బాలానగర్, సనత్‌నగర్ ప్రాంతాలు చిన్న యూనిట్లతో నిండాయి. పెద్ద ప్రభుత్వరంగ కర్మాగారాలకు విడిభాగాలు చేసి ఇచ్చే లేత్ షాపులు వందలుగా వెలిశాయి. ఆర్డర్లు ఉన్నాయి, పనితనం ఉంది. పంపిన సరుకుకు డబ్బు మాత్రం కొనే సంస్థకు వీలైనప్పుడు వచ్చేది.

నాయక్ కమిటీ లెక్క

1991 చివర రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నరు పి.ఆర్. నాయక్ అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. 1992లో వచ్చిన దాని నివేదిక ఈ చరిత్రలో ముఖ్యమైన మలుపు. చిన్న పరిశ్రమలు తయారుచేసే సరుకు విలువతో పోలిస్తే వాటికి బ్యాంకుల నుంచి అందుతున్న నిర్వహణ మూలధనం 8 శాతం చుట్టూ ఉందని కమిటీ తేల్చింది. తరువాత ఒక సులభమైన సూత్రం చెప్పింది. ఏడాది అమ్మకాల్లో 25 శాతం నిర్వహణ మూలధనంగా లెక్కించాలి. అందులో 5 శాతం యజమాని తేవాలి, 20 శాతం బ్యాంకు ఇవ్వాలి.

దీన్ని ఒక ఊహాత్మక వర్క్‌షాపుకు వేసి చూద్దాం. పక్కన కాగితం పెట్టుకుని మీరూ చేయండి. నెలకు 5 లక్షల అమ్మకం, ఏడాదికి 60 లక్షలు. 25 శాతం అంటే 15 లక్షలు. అందులో యజమాని వాటా 3 లక్షలు, బ్యాంకు పరిమితి 12 లక్షలు. కొనుగోలుదారు నెలన్నరలో డబ్బు ఇస్తే అతని దగ్గర నిలిచి ఉండేది 7.5 లక్షలు. మిగిలినదానితో ముడిసరుకు, కూలి నడుస్తాయి. అదే కొనుగోలుదారు నాలుగు నెలలు ఆపితే? 20 లక్షలు అతని దగ్గరే ఉండిపోతాయి. ఆలస్యం వల్ల అదనంగా ఇరుక్కున్నది 12.5 లక్షలు, అంటే బ్యాంకు ఇచ్చిన పరిమితి మొత్తం కన్నా ఎక్కువ.

ఈ లెక్కలో అసలు అప్పు ఇస్తున్నది ఎవరు? బ్యాంకు చిన్న యూనిట్‌కు వడ్డీకి ఇచ్చింది. చిన్న యూనిట్ ఆ డబ్బునే పెద్ద కొనుగోలుదారుకు వడ్డీ లేకుండా ఇచ్చింది. జీతాల రోజున చేబదులు వెతకడానికి కారణం ఇదే. బ్యాంకు పరిమితిని పెంచినా, ఆలస్యం పెరిగితే పెంచినదంతా మళ్లీ అక్కడికే చేరుతుంది.

ప్రభుత్వానికి ఈ సంగతి తెలియక కాదు. 1992లో ఆర్డినెన్సుగా వచ్చి 1993లో చట్టమైన ఒక శాసనం ఆలస్యపు చెల్లింపులకు వడ్డీ విధించింది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం దాన్ని మరింత బిగించింది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు మించకూడదు. మించితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. వసూలు కోసం రాష్ట్రాల్లో ఫెసిలిటేషన్ కౌన్సిళ్లు కూడా ఏర్పాటు చేశారు. కాగితం మీద ఇంతకన్నా కఠినంగా రాయడం కష్టం. అయితే ఫిర్యాదు చేయవలసింది సరఫరాదారు. ఏడాదికి సరిపడా పని ఇచ్చే ఒకే ఒక కొనుగోలుదారు మీద ఫిర్యాదు పెట్టి, మరుసటి నెల ఆర్డరు కోసం అదే గుమ్మం ఎక్కగలవాళ్లు ఎందరుంటారు?

2000లో తనఖా లేని రుణాలకు హామీ ఇచ్చే ట్రస్టును ప్రభుత్వం, సిడ్బీ కలిసి స్థాపించాయి. 2015లో 10 లక్షల వరకు ముద్రా రుణాలు వచ్చాయి. 2020లో కరోనా కాలంలో 3 లక్షల కోట్ల అత్యవసర రుణ హామీ పథకం వచ్చింది. వీటివల్ల దస్తావేజు లేనివారికి కూడా బ్యాంకు తలుపు కొంత తెరుచుకుంది. కానీ ఇవన్నీ అప్పు తీసుకునేవాడి వైపు నుంచి ఆలోచించిన పథకాలు. కొనేవాడి ఆలస్యాన్ని ఇవి ముట్టుకోవు.

బిల్లు మీద అప్పు

2014 డిసెంబరులో రిజర్వు బ్యాంకు ట్రెడ్స్ అనే వ్యవస్థకు మార్గదర్శకాలు ఇచ్చింది. 2017లో అది పని ప్రారంభించింది. చిన్న యూనిట్ తన ఇన్‌వాయిస్‌ను ఆన్‌లైన్ వేదికపై పెడుతుంది. సరుకు అందింది, ఇంత బాకీ ఉన్నాను అని కొనుగోలుదారు ఒప్పుకుంటాడు. అప్పుడు బ్యాంకులు ఆ బిల్లు కోసం పోటీపడి వడ్డీ రేటు చెబుతాయి. తక్కువ రేటును ఎంచుకుంటే డబ్బు త్వరలో ఖాతాలో పడుతుంది. గడువు నాడు కొనుగోలుదారు నేరుగా బ్యాంకుకు చెల్లిస్తాడు. అతడు ఎగవేసినా బ్యాంకు చిన్న యూనిట్ వెంట పడకూడదు.

మొదట చూసిన ముద్దతు హుండీతో దీన్ని పోల్చండి. ఆధారం మళ్లీ అమ్మిన సరుకే. రెండో సంతకం మాత్రం షరాబుది కాదు, పెద్ద కొనుగోలుదారుది. అందుకే వడ్డీ కూడా అతని పరపతిని బట్టి పడుతుంది, చిన్న యూనిట్ ఆస్తిని బట్టి కాదు.

లోపం కూడా అక్కడే ఉంది. కొనుగోలుదారు బిల్లును ఒప్పుకోకపోతే వేలమే లేదు. ఒప్పుకుంటే గడువు తేదీకి కట్టుబడాలి, నాలుగు నెలలు ఆపే వెసులుబాటు పోతుంది. కాబట్టి చేరమని అడిగితే చాలామంది చేరరు. 2018లో 500 కోట్లకు మించిన టర్నోవరు ఉన్న కంపెనీలు ఈ వేదికల్లో నమోదు కావాలని ప్రభుత్వం ఆదేశించింది. 2024 నవంబరులో ఆ పరిమితిని 250 కోట్లకు తగ్గించింది. నమోదు కావడం ఒకటి, వచ్చిన ప్రతి బిల్లునూ ఒప్పుకోవడం మరొకటి. ఆదాయపు పన్ను చట్టంలో మరో మెలిక కూడా పెట్టారు. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోగా చెల్లించని బాకీని ఆ ఏడాది ఖర్చుగా చూపుకోవడానికి వీల్లేదు, చెల్లించిన ఏడాదిలోనే చూపుకోవాలి. ఈ నిబంధన 2024-25 అసెస్‌మెంటు సంవత్సరం నుంచి అమలులోకి వచ్చింది. దీనికి సరఫరాదారు ఫిర్యాదు చేయనక్కరలేదు, ఆలస్యం చేసినవాడి పన్ను దానంతటదే పెరుగుతుంది. అయితే కొందరు కొనుగోలుదారులు ఈ నిబంధన వర్తించని మధ్యతరహా సరఫరాదారుల వైపు మళ్లుతారేమోనన్న భయం చిన్న పరిశ్రమల వారిలో వెంటనే వినిపించింది.