పాత చేతిగడియారంలో మూలపాఠం: హెచ్.ఎం.టి. వాచీల భాగాల ప్రామాణికత

వ్యాససంగ్రహం

పాత చేతిగడియారంలోని భాగాలు అసలైనవేనా అన్న ప్రశ్న సేకర్తలకు ధరకు సంబంధించినది. చరిత్రకారునికి అది ఆధారపరీక్ష. హెచ్.ఎం.టి. వాచీలను ప్రధానోదాహరణగా తీసుకొని, ఒక భాగం వాచీలో ఇమడడానికీ, అది ఆ వాచీదే కావడానికీ మధ్యనున్న భేదాన్ని ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: చేతిగడియారం, హెచ్.ఎం.టి., ప్రామాణికత, ప్రక్షిప్తం, మరమ్మతు చరిత్ర.

ఉపోద్ఘాతం

తాళపత్రప్రతులను పరిష్కరించినవారికి ఒక చిక్కు బాగా తెలుసు. సమర్థుడైన కవి చేర్చిన ప్రక్షిప్తపద్యంలో గణాలు సరిపోతాయి, యతిప్రాసలు కుదురుతాయి. కాబట్టి ఛందస్సు తప్పితే అనుమానించవచ్చు గాని, ఛందస్సు సరిపోయిందని పద్యాన్ని మూలకర్తకు అంటగట్టలేము. పాత చేతిగడియారాల పరీక్షలోనూ ఇదే చిక్కు ఉంది. భాగం చక్కగా ఇమిడింది, వాచీ నడుస్తున్నది. అంతమాత్రాన అది అసలు భాగం కాదు.

హెచ్.ఎం.టి. నేపథ్యం

1953లో బెంగళూరు కేంద్రంగా ఏర్పడిన హిందుస్తాన్ మెషిన్ టూల్స్, జపాన్‌కు చెందిన సిటిజన్ సంస్థ సాంకేతిక సహకారంతో గడియారాల తయారీలో ప్రవేశించింది. తొలి వాచీలను 1961లో ప్రధాని జవాహర్‌లాల్ నెహ్రూ విడుదల చేశారు. చేతితో కీ ఇచ్చే జనతా, పైలట్ వంటి వాచీలు రెండు మూడు తరాలవారి మణికట్టుపై నిలిచాయి. మన ఇళ్లలో పెళ్లికి అల్లుడికి పెట్టిన వాచీ, పరీక్ష తప్పకుండా గట్టెక్కితే కొనిస్తామన్న వాచీ చాలా సందర్భాల్లో ఇదే. 2016 జనవరిలో హెచ్.ఎం.టి. వాచెస్ మూసివేతకు కేంద్ర ప్రభుత్వం ఆమోదం తెలిపింది. ఆనాడు అల్మరా అడుగున పడివున్న వాచీలకు ఈనాడు సేకర్తల గిరాకీ ఉంది. గిరాకీ ఉన్నచోట కొత్త రంగు పూసుకున్న పాత వస్తువులూ పుట్టుకొస్తాయి.

పరిశోధకునికి ఇక్కడ ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఎదురవుతుంది. జనతా, పైలట్ రెండింటిలోనూ ఉన్నది 17 జ్యువెళ్ల 0231 యంత్రమే. డయల్ వెనుకనుండే సన్నని కాళ్లు యంత్రపు పలకలోని రంధ్రాలలో దిగి నిలుస్తాయి. యంత్రం ఒక్కటే అయినప్పుడు ఒకదాని డయల్ మరొకదానిలో దిగడానికి అడ్డేముంది? జనతాకు పైలట్ నల్లడయల్ తొడిగితే ఏ మరమేకూ అభ్యంతరం చెప్పదు. పైగా ఈ యంత్రం సిటిజన్ నమూనా నుండి వచ్చినది గనుక, లోపల జపాను భాగం కనబడినంత మాత్రాన మోసమని తీర్పు చెప్పడమూ తొందరపాటే. విడిభాగాల సంబంధం కర్మాగారంలోనే మొదలైంది.

డయల్ సాక్ష్యం

వాచీలో అన్నిటికన్నా ఎక్కువ మాట్లాడేదీ, ఎక్కువ అబద్ధమాడేదీ డయలే. తేమ తగిలి మచ్చపడిన డయల్‌ను గీకి, రంగు పూసి, అక్షరాలు తిరిగి అచ్చువేయడం మన నగరాల్లో పాత వృత్తి. విదేశీ సేకర్తలు ఇటువంటి వాచీలను కొంత వెటకారంగా ‘ముంబై స్పెషల్’ అంటారు. పదిరెట్లు పెంచి చూపే భూతద్దం కింద తిరిగి వేసిన అచ్చు చాలావరకు దొరికిపోతుంది: అక్షరాల అంచులు పాకినట్లుంటాయి, నిమిషాల గీతలు అంటించిన లోహపు గుర్తులకు ఎదురుగా పడవు, ఆ గుర్తుల మొదళ్ల వద్ద రంగు గట్టుకట్టి ఉంటుంది. ‘పారాషాక్’, ‘17 జ్యువెల్స్’ వంటి మాటల అక్షరరూపాన్ని సందేహం లేని ప్రతితో పోల్చాలి. పారాషాక్ అనేది అదురు తట్టుకోవడానికి సిటిజన్ రూపొందించిన ఏర్పాటు పేరు. ఆ మాట అర్థం తెలియని అచ్చుపనివాడు దానిలో తప్పు దొర్లించడం లేఖకదోషం వంటిదే.

యాభై ఏళ్లు వాడిన కేసులో మచ్చలేని డయల్ ఉంటే, నా దృష్టిలో అది అందం కాదు, ప్రశ్న. కేసు, కీ, ముళ్లు, డయల్ కలిసి ముసలివయ్యాయా లేదా అన్నది ఏ ఒక్క భాగం కన్నా బలమైన సాక్ష్యం. చీకట్లో వెలిగే పూత ఉన్న స్విస్ వాచీల్లో ఈ పరీక్షకు భౌతికశాస్త్రం తోడవుతుంది. రేడియం అర్ధాయువు సుమారు 1600 సంవత్సరాలు; 1940ల నాటి డయల్ వెలుగు ఎప్పుడో ఆరినా కిరణధార్మికత దాదాపు అలాగే ఉంటుంది. ఆరింది పక్కనున్న జింక్ సల్ఫైడు మాత్రమే. అందుకే అటువంటి వాచీని విప్పి గీకడం ప్రమాదకరం. 1960లలో వ్యాపించిన ట్రిటియం అర్ధాయువు 12.3 సంవత్సరాలు మాత్రమే. అరవై ఏళ్ల తరువాత దానిలో మిగిలేది దాదాపు ముప్పయ్యో వంతు. ఆనాటి వాచీ ఈనాడు రాత్రంతా వెలుగుతున్నదంటే ఆ పూత 1990ల తరువాతిదై ఉంటుంది.

దస్త్రాల పరిమితి

కర్మాగారపు దస్త్రం ఉంటే సందేహం తీరుతుందన్నది సాధారణ విశ్వాసం. దానికి గట్టిదెబ్బ తగిలిన సంఘటన ఒకటి ఇటీవలే జరిగింది. 1950ల నాటి ఒమేగా స్పీడ్‌మాస్టర్, 2915-1 రకం, 2021 నవంబరులో జెనీవాలో ఫిలిప్స్ వేలంలో ముప్పయ్యొక్క లక్షలకు పైబడిన స్విస్ ఫ్రాంకులకు అమ్ముడైంది. కొన్నది ఒమేగా సంస్థ ప్రదర్శనశాలే. 2023లో ఆ సంస్థే, ఇది వేర్వేరు వాచీల భాగాలు కూర్చి చేసినదనీ, ఇందులో తమ మాజీ ఉద్యోగుల ప్రమేయం ఉందనీ ప్రకటించింది. వస్తువును తయారుచేసినవారు, దస్త్రాలు చేతిలో ఉన్నవారు, తమ వస్తువును తామే గుర్తించలేకపోయారు! భాగాలలో అధికం నిజమైన ఒమేగా భాగాలేనన్నది ఇక్కడ గమనార్హం. విడివిడిగా సత్యమైనవి కలిసి అసత్యమైన వాచీ అయ్యాయి.

మరమ్మతు, ప్రక్షిప్తం

అట్లని మారిన ప్రతి భాగాన్నీ దోషంగా లెక్కించడం చరిత్రకు న్యాయం కాదు. కీ, అద్దం, మెయిన్‌స్ప్రింగు అరిగిపోయేవే; వాటిని మార్చకుండా వాచీ దశాబ్దాలు నడవదు. స్విస్ వాచీల దిగుమతిపై ఆంక్షలున్న కాలంలో మరమ్మతుదారు ఒక చచ్చిన వాచీ నుండి తీసిన చక్రంతో మరొకదాన్ని బ్రతికించాడు. వెనుకమూత లోపలివైపు అతడు సూదిమొనతో గీసిన సంకేతాలు, తేదీలు తరచుగా కనబడతాయి. అమ్మకందార్లు మెరుగుపెట్టి వాటిని తుడిచేయడం నాకు డయల్‌కు రంగువేయడం కన్నా ఘోరంగా తోస్తుంది. పేరు ఎక్కడా నమోదుకాని ఒక పనివాని సంతకం ఆ గీతలే.

కనుక వివరణపట్టికలో ‘అసలు’, ‘నకిలీ’ అన్న రెండు గడులు చాలవు. కేసు, యంత్రం తొలినాటివి. కీ అదే సంస్థ తరువాతి తయారీ. నిమిషాల ముల్లు వేరే వాచీది. డయల్ తిరిగి అచ్చువేసినది. మూత లోపల మూడు మరమ్మతు గుర్తులు. ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క పంక్తి, దాని పక్కన ఆ నిర్ణయానికి ఆధారం రాయాలి. గ్యారంటీ కార్డు, కొన్న రశీదు, వాచీ ధరించిన పెళ్లినాటి ఛాయాచిత్రం దొరికితే వాటినీ చేర్చాలి. ఛాయాచిత్రంలో డయల్ తెల్లగా ఉండి, చేతిలోని వాచీ డయల్ నల్లగా ఉంటే, ఆ రెండింటినీ అలాగే నమోదు చేయాలి.