షవర్మా ఎక్కడిది? అందులో మయోనైజ్ ఎక్కడిది?

రాత్రి పన్నెండు దాటినంక హైదరాబాద్‌లో టోలిచౌకి రోడ్డు మీదికి పోయి చూడండి. చుట్టుపక్కల షట్టర్లు దించేసినా, షవర్మా సెంటర్ల ముందు మాత్రం బైకులు ఆగే ఉంటాయి. నైట్ షిఫ్ట్ దిగినోళ్లు, హాస్టల్ పిల్లలు, క్యాబ్ డ్రైవర్లు. సాఫ్ట్‌వేర్ జాబ్ చేసేటప్పుడు నేనూ అదే లైన్‌లో నిలబడ్డవాణ్ణే. ఈ రోజు ఆ రోల్ హిస్టరీ చూద్దాం.

చాలామంది ఏమనుకుంటారంటే, హైదరాబాద్‌లో అరబ్బులు ఎప్పటి నుంచో ఉన్నారు కదా, షవర్మా వాళ్లతోనే వచ్చింది అని. మొదటి మాట నిజమే. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి అరబ్బులు వచ్చారు. వాళ్లుండే బ్యారక్స్ జనం నోట్లో పడి బార్కస్ అయింది. 1948లో పోలీస్ యాక్షన్ తర్వాత నిజాం పాలన పోయింది, కానీ ఆ కుటుంబాలు చాలావరకు ఇక్కడే ఉండిపోయాయి. అరబ్బుల హరీస్‌కి మన మసాలా, మన నెయ్యి కలిసి హలీం అయింది. 2010లో దానికి జీఐ ట్యాగ్ కూడా వచ్చింది.

షవర్మా దారి వేరు. 19వ శతాబ్దంలో టర్కీలో, బుర్సా లాంటి ఊళ్లలో, అడ్డంగా పెట్టి కాల్చే మాంసం కడ్డీని నిలువుగా నిలబెట్టారు. దీంతో కొవ్వు నిప్పుల్లో పడకుండా మాంసం మీది నుంచే కిందికి కారుతుంది. 'తిప్పడం' అని అర్థం వచ్చే టర్కీ మాట 'చెవిర్మె' అరబ్బుల నోట్లో షవర్మా అయింది. లెబనాన్ నుంచి వలస పోయినోళ్లు దాన్ని మెక్సికోకి తీసుకెళ్తే, అక్కడ పంది మాంసంతో 'టాకోస్ అల్ పాస్తోర్' అయింది. 1973లో చమురు రేట్లు పెరిగాక గల్ఫ్‌లో పనులు పెరిగాయి. కరీంనగర్, నిజామాబాద్, పాతబస్తీ నుంచి మనోళ్లు పోయారు. అక్కడ తిన్న రోల్ రుచి వాళ్లతో పాటు ఇంటికొచ్చింది.

అంటే పోయిన ప్రతి చోటా షవర్మా ఏదో ఒకటి మార్చుకుంది. మరి మన దగ్గర ఏం మారింది? లెబనాన్‌లో చికెన్ షవర్మాకి పూసేది 'తూమ్'. వెల్లుల్లి, నూనె, నిమ్మరసం, ఉప్పు, అంతే. మామూలుగా గుడ్డు ఉండదు. మన దగ్గర ఆ ప్లేస్‌లోకి పచ్చి గుడ్డు మయోనైజ్ వచ్చింది.

పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా ఉంటే, బయట వేడికి గంటల్లో పెరుగుతుంది. మాంసంతోనూ రిస్క్ ఉంది. మంట తగిలేది కడ్డీ పైపొరకే. రష్ ఎక్కువైతే ఆ పొర పూర్తిగా కాలకముందే కత్తి పడుతుంది. రష్ తగ్గాక మంట తగ్గిస్తే లోపలి మాంసం గోరువెచ్చగా ఉండిపోతుంది. 2022 మే నెలలో కేరళలోని చెరువత్తూర్‌లో షవర్మా తిన్న 16 ఏళ్ల విద్యార్థిని చనిపోయింది. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో మోమోస్ తిన్న ఒకావిడ చనిపోయింది. ఆ నెల 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డు మయోనైజ్‌ని ఏడాది పాటు నిషేధించింది.

మా నారాయణఖేడ్ వైపు, మంజీర ఒడ్డున బోరంచ నల్ల పోచమ్మ గుడి ఉంది. మొక్కు తీర్చుకోవడానికి పోయినోళ్లు యాటను కోసి, అక్కడే పొయ్యి పెట్టి వండి, వేడివేడిగా తినేస్తారు. కోతకీ తినడానికీ మధ్య మాంసం ఎక్కువసేపు ఆగదు. షవర్మా మాంసమేమో కస్టమర్ కోసం రాత్రంతా ఎదురుచూస్తుంది. వంట పద్ధతి మారినప్పుడు జాగ్రత్త కూడా మారాలి. మనం వంటను తెచ్చుకున్నాం, జాగ్రత్తను సగంలోనే వదిలేశాం.

షవర్మా మానేయమని నేను చెప్పను, నేనూ మానను. ఈసారి ఆర్డర్ ఇచ్చే ముందు రెండు విషయాలు చూడండి: మాంసం పొగలు కక్కుతోందా? మయోనైజ్ ఫ్రిజ్‌లోంచి వస్తోందా, బయటి గిన్నెలోంచా? అనుమానం వస్తే "భయ్యా, మయో వద్దు" అనండి. తూమ్ ఉంటే అదే అడగండి. అసలు రుచి అదే.